నిలబెట్టిన సీసా

పరుపులాయన వృత్తే మనుషుల్ని పడుకోబెట్టడం. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగం నడుములు ఆయన కుట్టిన పరుపుల మీదే వాలుతున్నాయి. "పరుపు చిరిగితే నేను కుడతాను, పరువు చిరిగితే మీరే కుట్టుకోవాలి" అని దుకాణంలో అడుగుపెట్టిన ప్రతివాడికీ చెప్పేవాడు. వాళ్ళు నవ్వేదాకా టేపు తీసేవాడు కాదు.

అలాంటి మనిషి, పడుకోబెట్టాల్సిన ఒకే ఒక్క సీసాని నిలబెట్టాడు.

సీసా బావది. బావ అంటే అక్క మొగుడు, ద్రాక్షతోటవాళ్ళ నేలమాళిగలో పీపాల మధ్యే జుట్టు నెరిసిన మనిషి. పెళ్ళైన ఏడాది మొదటిసారి తన చేత్తో వైన్ చేశాడు. ఆ పీపాలోది ఇప్పుడు ఒక్క సీసా మిగిలింది. దాని మీద చీటీ అక్క రాసింది: ఏడాది, కింద ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు. పెళ్ళై పాతికేళ్ళు నిండిన రోజున తెరవాలని ఇద్దరూ అనుకున్నారు. తోట మూతపడి, పక్క ఊళ్ళో ఆరో అంతస్తులో పైకప్పు కింది వాటాలోకి మారాక, ఆ ఉడుకులో సీసా బతకదని బావ దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడు. పరుపులాయన దుకాణం కింద దూది బేళ్ళు వేసుకునే నేలమాళిగ ఉంది మరి.

"నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకో బామ్మర్దీ," అన్నాడు బావ. "చల్లగా ఉండాలి. చీకట్లో ఉండాలి. కదపకూడదు. పడుకునే ఉండాలి. నిలబెట్టావో, బిరడాకి తడి తగలదు. ఎండి ముడుచుకుంటుంది. గాలి దూరుతుంది. గాలి దూరిందంటే ఇక అది వైన్ కాదు, ఇత్తడి గిన్నెలు తోముకునే పులుపు."

"పడుకోబెట్టడం నాకు నేర్పుతారా బావా! మాటిస్తున్నా, పొండి."

మొదట్లో మాట తప్పలేదు. మూరెడు పరుపు కుట్టాడు. దూది స్వయంగా ఏకాడు. సీసా దొర్లకుండా అటో బుల్లి దిండు, ఇటో బుల్లి దిండు. "నాకు పుట్టిన పిల్లలక్కూడా ఇంత మెత్తగా కుట్టలేదు మీరు," అంది భార్య.

ఏడాది గడిచాక ఒకరోజు, దూది బేలు దించుతుండగా ఆయనకో మాట తట్టింది. అంతే, సీసా పని అయిపోయింది.

పండుకుంటేనే పండుతుంది!

అట్ట మీద ఎర్రరంగుతో రాసి, దుకాణం ముందు అద్దాల కిటికీలో, నీలం మఖమల్ గుడ్డ మీద బుల్లి పరుపు వేసి, దానిపై సీసాని పడుకోబెట్టాడు. వీధిలోకి వెళ్ళి చూస్తే అది సీసాలా లేదు, చుట్టిపెట్టిన దిండులా ఉంది. అక్క రాసిన చీటీ కనబడలేదు. అందుకని పరుపు తీసేసి, గుడ్డ మీదే నిలబెట్టాడు. వారం రోజులకేగా అనుకున్నాడు.

జనం ఆగారు, నవ్వారు. "పండుకోమని రాసి నిలబెట్టావేంటయ్యా?" అని ఒకాయన అడిగితే, "మాటిచ్చాను కదండీ, నిలబెట్టుకుంటున్నాను" అన్నాడు. ఆ జవాబు బోర్డుకన్నా బాగా పేలింది. రెండు చమత్కారాలు పుట్టిన చోటి నుంచి సీసాని దించడానికి చేతులు రాలేదు. కిటికీ పడమటి వైపుది. వారం కాస్తా మూడు వేసవులైంది.

"మీ నోటి దురదకి దాని ఒళ్ళు కాలుతోంది," అని భార్య అంటూనే ఉంది. "రేపు దించేస్తా" అని ఆయన అంటూనే ఉన్నాడు.

నెలకోసారి బావ ఫోను చేసేవాడు. క్షేమసమాచారాలయ్యాక గొంతు తగ్గించి అడిగేవాడు. "పాప పడుకుందా?"

"గురక పెడుతోంది బావా!"

అవతల బావ పగలబడి నవ్వేవాడు. ఇవతల పరుపులాయన కిటికీలో ఎండకి మెరుస్తున్న సీసా వైపు వీపు తిప్పుకునేవాడు.

రెండో వేసవిలో బావకి జ్వరమొచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. పొగ వాసన లేదు, సబ్బు వాసన లేదు, ఏదీ లేదు. పీపా మూత తీయకుండానే లోపలి సంగతి చెప్పే ముక్కు, కళ్ళజోడు ఆనించుకోవడానికి మాత్రమే మిగిలింది. అక్క ఫోనులో ఏడుస్తూ ఆ కబురు చెబుతుంటే పరుపులాయన మనసులో ముందుగా మెదిలిన మాట ఒకటే: అయితే బావకి తెలియదులే. ఆ మాట తనదేనని గుర్తుపట్టగానే చెవులు వేడెక్కాయి. సీసాని నిలబెట్టినందుకంటే, ఆ ఒక్క క్షణం హాయిగా ఊపిరి పీల్చుకున్నందుకు ఆయనకి ఎక్కువ సిగ్గేసింది. అయినా సీసా దించలేదు.

"ఆదివారం వస్తున్నాం. పాతికేళ్ళు నిండుతాయి," అని బావ చెప్పింది గురువారం. అప్పుడు దించాడు. బిరడా లోపలికి కుంగి ఉంది. మెడ మీదుగా కిందికి జిగురుగా ఓ చార. వైన్ భుజాలు దాటి కిందికి జారిపోయింది. తుడిచి, నేలమాళిగలోకి తీసుకెళ్ళి, బుల్లి పరుపు మీద పడుకోబెట్టి, దిండ్లు సర్దాడు. మూడేళ్ళ ఎండని మూడు రోజుల చీకటి మాఫీ చేస్తుందన్నట్టు.

ఆదివారం బావ కూర్చోను కూడా లేదు. నేరుగా నేలమాళిగ మెట్లు దిగాడు. మసక దీపం కింద, దూది బేళ్ళ మధ్య, పరుపూ దిండ్లూ చూసి నిలబడిపోయాడు. "ఒసే, ఇలా రా! చూడు మీ తమ్ముడు! పక్క వేసి పడుకోబెట్టాడే!" అని అక్కని కేకేశాడు. సీసాని వెలుగుకి ఎత్తి, తరిగిన మట్టం చూసి కూడా నవ్వాడు. "ఏళ్ళు కదా. దాహమేసి తనే ఇంత తాగేసింది."

పరుపులాయనకి మింగుడు పడలేదు. ఇంకా తాగనే లేదు.

భోజనాల బల్ల దగ్గర బావ బిరడా లాగితే అది పొడిపొడిగా విరిగి, సగం లోపలికి పడింది. "ముసలిది," అన్నాడు ప్రేమగా. వడగట్టి, అలవాటు కొద్దీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, గుర్తొచ్చి దించి, భార్యకిచ్చాడు. "నువ్వు చెప్పు. ఎలా ఉంది?"

అక్క గుక్క తాగింది. కళ్ళలోంచి ఏదో దాటిపోయింది. తమ్ముడి వైపు చూసింది. ఆ చూపు దూదిని ఏకినట్టు ఏకింది. మొగుడి వైపు తిరిగి, "బాగుందండీ," అంది. "చాలా బాగుంది."

బావ తనూ తాగాడు. నాలుకకి పులుపు తగిలి ఉంటుంది. "కాస్త పుల్లగా ఉన్నట్టుంది... నా నాలుకేలే. ముక్కు లేనిదే అదేం చేస్తుంది పాపం," అన్నాడు.

తను ఎండలో కాల్చినదాన్ని బావ తన జ్వరం ఖాతాలో వేసుకుంటుంటే పరుపులాయన ఇక కూర్చోలేకపోయాడు. లేచాడు. మాట బిరడాలాగే పొడిపొడిగా ఊడింది.

"నిలబెట్టాను బావా."

బావ కళ్ళు తడయ్యాయి. "తెలుసురా. ఇచ్చిన మాట నిలబెట్టావు."

"అది కాదు. నిజంగా నిలబెట్టాను. మూడేళ్ళు!"

"మూడేళ్ళేంటి, నాలుగు! లెక్కలోనూ తగ్గించుకుంటాడే మీ తమ్ముడు!" బావ బల్ల చరిచి నవ్వాడు. "వీడి నోట్లో ఏ మాటా తిన్నగా నిలబడదు కదా!"

జన్మలో మొదటిసారి శ్లేష లేకుండా మాట్లాడితే, ఆ మాటే శ్లేషగా తిరిగొచ్చి మొహాన కొట్టింది. ఇంకేం చెప్పినా ఈ మనిషి నవ్వేస్తాడు. పరుపులాయన భార్య మెల్లగా అంది. "నోటితో కాదండీ. ఆ గుడ్డ తెచ్చి చూపించండి."

దుకాణంలోకి వెళ్ళి, కిటికీలోని మఖమల్ గుడ్డ పీక్కొచ్చి, గ్లాసుల మధ్య పరిచాడు. ఒకప్పుడు నీలం. ఇప్పుడు బూడిదరంగు. ఒక్కచోట మాత్రం ఇంకా ముదురు నీలంగా, గుండ్రంగా, చేత్తో గీసినట్టు ఓ మచ్చ. సీసా అడుగు అంత.

బావ నవ్వు ఆగింది. సీసాల్ని పడుకోబెట్టడంలోనే జీవితం గడిపినవాడు. పడుకున్న సీసా పొడుగ్గా గుర్తు వదులుతుందనీ, గుండ్రంగా వదిలేది నిలబడ్డ సీసా ఒక్కటేననీ ఎవరూ చెప్పనక్కర్లేదు. బొటనవేలితో ఆ నీలం అంచు చుట్టూ మెల్లగా రాశాడు, ఒకసారి, రెండోసారి.

"ఎండలోనా?"

"ఎండలోనే. అద్దం వెనక."

"ఎందుకురా?"

"చమత్కారానికి బావా. జనం నవ్వారు."

"నేను ఫోను చేసినప్పుడల్లా..."

"అప్పుడూ అక్కడే ఉంది."

బావ అక్క వైపు చూశాడు. "నీకు తెలిసిందా, తాగగానే?" అక్క తలొంచుకుంది. బావ సీసా తీసి, మిగిలినదంతా ఒక గ్లాసులో వంచి, బామ్మర్ది ముందుకి తోశాడు.

"తాగు."

"బావా..."

"శిక్ష కాదురా. నా ముక్కు లేదు. ఇది నా మొదటి వైన్, ఇక నేను దీన్ని ఎరగను. మీ అక్క నా కోసం అబద్ధం చెబుతుంది. నువ్వు చెప్పు, ఏముందో ఉన్నట్టు. ఒక్క చమత్కారం వినబడిందో, లేచి వెళ్ళిపోతాను."

పరుపులాయన తాగాడు. దవడలు పీకాయి. "పులుపు," అన్నాడు. "బాగా పులుపు. గొంతు గీరుతోంది."

"తర్వాత?"

"తడిసి ఎండిన చెక్క వాసన. పాత పెట్టెలాగా."

"ఊఁ. అది ఎండ. తర్వాత? మింగాక ఆగు. తొందరపడకు. చేసిన కొత్తలో, గుక్క చివర్న ఎండుద్రాక్ష తీపి సన్నగా వచ్చేది. ఉందా?"

ఏదో ఉన్నట్టే ఉంది. లేదా బావ అడిగిన తీరుకి నాలుకే కల్పించుకుందేమో. ఉంది అనేస్తే బావ మొహం వెలుగుతుంది. ఇన్నేళ్ళూ గురక పెడుతోందని చెప్పిన నోరిది, ఇదీ చెప్పేయగలదు.

"చెప్పరా," అన్నాడు బావ, బల్ల మీదికి వంగి.

"ఆగండి బావా," అని పరుపులాయన కళ్ళు మూసుకుని, ఇంకో గుక్క తాగాడు.