ఆఖరి రాకకి పిలిచిన పేరు

ముందుది వెనకా, వెనకది ముందూ అయిపోవచ్చు. దాలమ్మకి ఈమధ్య వరస నిలవడం లేదు. బియ్యం కడిగిందో లేదో చేతి తడి చూసుకుంటే గానీ తెలీదు. అండమాన్ ఓడ వచ్చే రోజు మాత్రం మరవదు. బెంగాల్ రేవుపేట ఏక్‌బాల్‌పూర్‌లో గదికి తాళం వేసి, పక్కగది సత్యవేణితో కలిసి రేవుకి నడుస్తుంది.

నలభై ఏళ్ళుగా ఆ ఓడ కూలీల్నీ, గుమాస్తాల్నీ, పెళ్ళివారినీ మోసుకుపోయి తిరిగొస్తోంది. అందరూ దిగాక, మెట్ల దగ్గర తల్లో పెళ్ళామో ఒక పేరు పిలిస్తే, సముద్రంలో పోయిన ఆ మనిషి దిగివస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఒక్కడే. ఓడ పనివాళ్ళ పెద్ద, సరంగు రామనాథం, పుస్తకంలో ఒక తల ఎక్కువ రాసుకుంటాడు. ఎవరో ఒకరు ఆ మనిషికి చాయ్ ఇస్తారు.

దాలమ్మ మొగుడు ఆ ఓడ మీద ఖలాసీ. పంతొమ్మిదేళ్ళ కిందట తుఫానులో పోయాడు. అత్త అప్పటికే లేదు, కాబట్టి పిలవాల్సింది దాలమ్మే. కానీ మొగుడి పేరు నోటితో ఎలా అంటుంది?

"ఆయనకి ఆయుస్సు తగ్గిపోతాదే," అనేది.

"సచ్చినోడికి ఇంకేటి తగ్గుతాది వదినా!" అనేది సత్యవేణి.

ఇప్పుడు ఓడకే ముసలితనం వచ్చింది. చెయ్యి వేస్తే తుప్పు పొడిగా రాలుతోంది. ఇదే ఆఖరి రాక. తర్వాత విరగ్గొట్టడానికి లాక్కుపోతారు. రేవులో ఆడవాళ్ళంతా ఆఖరి పిలుపు దాలమ్మకే వదిలేశారు. ఆమె వారం రోజులు తలుపు మూసుకుని ఆ పేరు అనడం నేర్చుకుంది. మొదట పెదాలతో, తర్వాత గొంతుతో.

ఆ ఉదయం ప్రయాణికులంతా దిగారు.

"పిలువమ్మా," అన్నాడు రామనాథం.

దాలమ్మ నోరు తెరిచింది. పేరు లేదు. పలక తుడిచినట్టు పోయింది. ఇంకొకరు అందించిన పేరు ఓడ వినదు. అందరూ తననే చూస్తున్నారు. కంగారులో, రోజూ నోట్లో నానే పేరు వచ్చేసింది.

"జయంతూ!"

జయంత్ ఆమె కొడుకు. ఆ ఓడలోనే ఇంజన్ గదిలో పని.

సత్యవేణి నెత్తి కొట్టుకుంది. "బతికున్నోడిని పిలిసినావేటే! మూట సర్దుకుని ఆడే దిగుతాడు గదా. ఉన్న ఒక్క పిలుపూ గంగపాలు సేసినావు!"

మెట్ల మీద నీళ్ళ చప్పుడైంది. జయంత్ దిగుతున్నాడు. జుట్టులోంచి ఉప్పునీరు కారుతోంది. చెవి వెనక నాచు. రామనాథం గబగబా పనివాళ్ళ హాజరు పుస్తకం తిరగేశాడు. నిన్న సాయంత్రం నుంచి జయంత్ సంతకం లేదు. పడడం ఎవరూ చూడలేదు, వెతకనూ లేదు.

"అమ్మా, సలేస్తంది."

దాలమ్మ పైట కొంగుతో వాడి తల తుడిచింది. తుడుస్తూనే ఉంది. సత్యవేణి వెళ్ళి చాయ్ తెచ్చింది.

మధ్యాహ్నానికి టగ్గు పడవలు ఓడని లాక్కుపోయాయి. ఇక రానివాళ్ళ పేర్లు ఎవరో రేవు గోడ మీద సుద్దతో బెంగాలీలో రాస్తున్నారు. దాలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని గోడ దగ్గరకి తీసుకెళ్ళింది.

"నాకీ రాత రాదు. మీ అయ్య పేరు సరిగ్గా రాసేరో లేదో సూడు బాబూ," అంది. "గట్టిగా సదువు. నేనూ ఇనాల."