చిలక మార్కు బస్తా

ఆ సోమవారం సాయంత్రానికి షావుకారు చేతిలో ఉన్న సరుకు ఇది: నాలుగు కిలోల బియ్యం, కిలోకి కాస్త తక్కువ కందిపప్పు, సగం సీసా నూనె, ఎడమకాలికి మోకాలి పైదాకా సిమెంటు కట్టు వేయించుకున్న బావమరిది ఒకడు, వాడికి వండిపెట్టడానికి దేశం దాటి వచ్చిన భార్య, ముప్పై ఒక్క ఏళ్ల పప్పుల వ్యాపారం నేర్పిన తెలివి. మొదటి మూడూ ఎన్నాళ్లు వస్తాయో ఆయన చూపుతోనే చెప్పగలడు. చివరిది మాత్రం ఎన్నటికీ తరగదని ఆయన నమ్మకం.

బావమరిది ఈ ఊళ్లో బస్సు నడుపుతాడు. పదకొండేళ్లు బస్సుకి గీత కూడా పడనివ్వని మనిషి, ఇంట్లో బల్బు మారుస్తూ కుర్చీ మీంచి పడ్డాడు. నలభై రోజులుండి వెళ్దామని అక్కా బావా వచ్చారు. ముప్పై ఆరో రోజున విమానాలు ఆగిపోయాయి. బుధవారం సాయంత్రం ఆరు గంటల నుంచి ఊరికి తాళం అని టీవీలో చెప్పారు. తిండి దుకాణాలకి వారానికొకసారి, ఇంటికొకరు మాత్రమే వెళ్లాలి. ఆసుపత్రుల్లో ఈ కొత్త జ్వరం తప్ప ఇంకేమీ చూడరు.

షావుకారు వంటగదిలో డబ్బాలన్నీ దించి, కాగితం మీద పద్దు వేస్తున్నాడు.

"ఏమండీ, ఒక్క మాట," అంది భార్య.

"ఆగు, లెక్క తప్పుతుంది."

ఆమె ఆగింది. ముప్పై ఏళ్లుగా ఆగుతూనే ఉంది.

మంగళవారం పొద్దున్నే బావమరిది సోఫాలోంచి ఒక చీటీ అందించాడు. "ఇక్కడి భాషలో రాశాను బావా. దుకాణంలో ఎవరికి చూపించినా తీసిస్తారు."

"చీటీ పట్టుకుని సరుకు కొనేవాడు షావుకారు కాడురా, పనివాడు."

"అక్కడ బేరాలుండవు."

"బేరం లేని ఊరు దేవుడు పుట్టించలేదు."

"పుట్టించాడు. నేను అందులోనే పదకొండేళ్లుగా ఉంటున్నా. పోనీ నేను ఫోన్ చేస్తే ఎత్తు."

"కొనేటప్పుడు ఫోన్ ఎత్తను. మనకేం కావాలో పక్కవాడు పసిగట్టేస్తాడు."

"తెలుగులో మాట్లాడితే ఎవడు పసిగడతాడు బావా?"

"అలవాటురా. అలవాటు తప్పితే నష్టం వస్తుంది."

చెప్పులు వేసుకుంటుంటే భార్య గుమ్మందాకా వచ్చింది. "వెళ్లే ముందు ఒక్క మాట వినండి."

"వచ్చాక చెప్పు. సరుకు అయిపోతుంది."

టోకు దుకాణం రైలు స్టేషనంత ఉంది, జనం కూడా అంతే ఉన్నారు. బియ్యం అరలో చీపురు ఆనించి ఉంది. పప్పుల అరలో ధర చీటీలు తప్ప పప్పులు లేవు. జనం మాత్రం తోపుడుబండ్ల నిండా మరుగుదొడ్డి కాగితం చుట్టలు కొండల్లా పేర్చుకుని పోతున్నారు. తినేదాని సంగతి తేల్చుకోకుండా తుడుచుకునేదానికి ఇంత ముందుచూపేమిటా అని షావుకారు ఆశ్చర్యపోయాడు. అందరూ ఎగబడే సరుకు జోలికి పోకూడదనేది ఆయన వ్యాపారానికి మూలసూత్రం. ఎవరూ చూడని మూల కోసం వెతుక్కుంటూ దుకాణం చివరిదాకా నడిచాడు.

ఆ మూల ఉండనే ఉంది. అందులో రెండు బస్తాలు, ఒక్కోటి పదిహేను కిలోలు. వాటి మీద పచ్చని చిలక, ఎర్రని ముక్కు, దాని కింద అర్థం కాని రాత.

షావుకారు గుండె ఉప్పొంగింది. ఆయన దుకాణంలో ఏనుగు మార్కు మినప్పప్పు ఉంది, నెమలి మార్కు కందిపప్పు ఉంది, జోడెద్దుల మార్కు శనగపప్పు ఉంది. చిలక మార్కు సరుకు కోసం ఒకప్పుడు ఆయన తండ్రి మూడు రోజులు లారీ ఆఫీసు ముందు కాపు కాశాడు. ఇంత దూరం వచ్చినా మంచి సరుకు బొమ్మతోనే పలకరిస్తుంది! బస్తా పైనుంచే వేళ్లతో నలిపి చూశాడు. బఠాణీ బద్దలు తగిలాయి, జొన్నల్లాంటివి తగిలాయి. కలగలుపు అన్నమాట. కరువు రోజుల్లో కలగలుపును మించిన బలం లేదు. వీళ్లకి వండుకోవడం తెలియక వదిలేశారు.

బిల్లు వేసే అమ్మాయి రెండు చేతులూ రెక్కల్లా ఆడించి నవ్వుతూ ఏదో అడిగింది. ఎగిరిపోయే సరుకు దొరకబుచ్చుకున్నావు అంటోందనుకుని షావుకారు గంభీరంగా తలూపాడు. జేబులో ఫోన్ తొమ్మిదిసార్లు మోగింది. ఎత్తలేదు.

మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఒక్కో బస్తా భుజాన వేసుకుని రెండుసార్లు ఎక్కేసరికి షావుకారు ప్రాణం నాలుగో అంతస్తుకి చేరింది. రెండో బస్తా మెట్ల కటకటాలకి గీసుకుని చిన్న చిల్లు పడిన సంగతి ఆయన చూసుకోలేదు.

"ముప్పై కిలోలు!" అన్నాడు రొప్పుతూ. "చిలక మార్కు!"

బావమరిది కర్ర ఆనించుకుని లేచి, బస్తా మీది రాత చదివాడు. ఇంకోసారి చదివాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"బావా, చిలక మార్కు కాదు. చిలకల మేత."

"బొమ్మ ఉంది కదరా!"

"తినేది ఎవరో తెలియాలని వేశారు."

"మా ఏనుగు మార్కు మినప్పప్పు ఏనుగు తింటుందా? బస్తా మీద అమ్మేవాడి గుర్తు ఉంటుంది గానీ తినేవాడి మొహం ఎక్కడైనా వేస్తారా?"

"మన చిన్నప్పటి పసిపిల్లల పాలపిండి డబ్బా మీద ఎవరి మొహం ఉండేది బావా?"

షావుకారు బస్తా తిప్పి రెండోవైపు చూశాడు. భార్య రెండో బస్తా మూతి విప్పి దోసిట్లో పోసుకుంది. పొద్దుతిరుగుడు గింజలు, జొన్నలు, ఎండు మిరప విత్తులు, మధ్యలో నాలుగు బఠాణీ బద్దలు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకర్నొకరు చూసుకుని కడుపు పట్టుకుని నవ్వారు.

"అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "పోనీలెండి. దోవలో మందుల షాపేదైనా కనిపించిందా?"

"ఏం మందులు?"

నవ్వు ఆగిపోయింది. ఆమె చేతిసంచిలోంచి రక్తపోటు మాత్రల పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. నలభై అయిదు రోజులకని తెచ్చుకుంది. షావుకారు వేలు పెట్టి లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాడు. లెక్కల్లో ఆయన ఎప్పుడూ తప్పడు కాబట్టి మళ్లీ తొమ్మిదే వచ్చాయి.

నాలుగేళ్ల కిందట రెండు రోజులు మాత్ర మానేసినందుకు ఆమె దుకాణం గల్లాపెట్టె దగ్గరే కూలబడిపోయింది. ఆ రోజు ఆటోలో ఆమె తల తన ఒళ్లో పెట్టుకుని వెళ్లిన దారి షావుకారుకి గుర్తొచ్చింది.

"ముందే చెప్పకూడదూ?"

"నిన్న ఒకసారి, పొద్దున ఒకసారి చెప్పబోయాను. మొన్న కూడా. మీ లెక్క తప్పుతుందని ఆగాను."

నూనె సీసా మీద గీత పెట్టి కొలిచినవాడు, ఉప్పు చెంచాలతో లెక్కేసినవాడు, ఇంట్లో ఉన్న సరుకంతటిలోకీ ఇదొక్కటే పద్దులో రాయలేదు.

బావమరిది మందుల షాపుకి ఫోన్ చేశాడు. ఇక్కడి డాక్టరు రాసిన కాగితం లేనిదే ఇవ్వం అన్నారు. క్లినిక్‌కి చేశాడు. మీ ముందు నూట నలభై మంది ఉన్నారని యంత్రం చెప్పింది. గంటన్నర పట్టుకున్నాక లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే ఈసారి నూట తొంభై.

"రేపు పొద్దున క్లినిక్ గుమ్మంలోకే వెళ్లి కూర్చుంటా," అన్నాడు షావుకారు.

"జ్వరం లేనివాళ్లని గేటు దాటనివ్వట్లేదు బావా."

ఏడు దాటాక ఎవరో తలుపు తట్టారు. ఎదురింటావిడ. యాభై ఏళ్లుంటాయి, మెళ్లో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతోంది, గుప్పిట్లో గింజలు. ఆమె వెనక మెట్ల మీద కిందిదాకా గింజల చార. మెట్లు పాడు చేశారని దెబ్బలాటకి వచ్చిందనుకుని షావుకారు చీపురు అందుకున్నాడు. ఆమె చీపురు పట్టించుకోకుండా గుప్పెడు చూపించి ఆత్రంగా ఏదో అడిగింది.

బావమరిది లోపలినుంచే విని చెప్పాడు. "ఆవిడకి మూడు చిలకలున్నాయిట. రోజూ రెండు పూటలా డ్యూటీ, ఇంటికొచ్చేసరికి దుకాణాలు మూసేస్తున్నారుట. రేపటి నుంచి పక్షుల దుకాణాలు అసలే తెరవరు. కాస్త అమ్ముతారా అంటోంది."

షావుకారులోని వ్యాపారి లేచి కూర్చున్నాడు. సరుకు మొత్తం తన దగ్గరే ఉంది, కొనేవాళ్లు గుమ్మంలో ఉన్నారు.

"ఇంకో సంగతి బావా," బావమరిది గొంతు తగ్గించాడు. "ఆ కార్డు చూశావా? మనం పొద్దుపోయేదాకా చేసిన క్లినిక్‌ది. అక్కడ ఫోన్లు ఎత్తేది ఈవిడే. బేరం పెట్టు, నేను చెప్తా. మందు కాగితం ఇప్పిస్తేనే మేత అను."

షావుకారు ఎదురింటావిడ మొహం చూశాడు. పొద్దున్నుంచి వందల మందికి జవాబు చెప్పిన మొహం. ఆ గుప్పెడు గింజలు కింద పడకుండా ఎంత జాగ్రత్తగా పట్టుకుందో చూశాడు. బల్ల మీద తొమ్మిది మాత్రలు చూశాడు.

"బేరం వద్దురా."

"అదేంటి బావా?"

"గరజున్నవాడు తనలాగే అవసరమున్నవాడితో బేరమాడితే సరుకు చేతులు మారుతుంది గానీ పని జరగదు. ముందు బస్తా ఇచ్చేద్దాం. అది వాళ్లింట్లోకి చేరాక మన సంగతి చెప్పు. అప్పుడు కాదన్నా బస్తా వెనక్కి అడగొద్దు."

చిల్లు లేని బస్తా తనే భుజానికెత్తి ఎదురింట్లో దింపి వచ్చాడు. ధర తేలకుండా సరుకు ఇవ్వడం ముప్పై ఒక్క ఏళ్లలో అదే మొదలు.

బావమరిది మాత్రల పట్టీ చూపించి విషయం చెప్పాడు. ఆవిడ పట్టీ చూసి, షావుకారు భార్యని చూసి, చిన్నగా ఏదో అంది.

"ఏమంది?"

"ఫోన్ చెయ్యడం దేనికి, తలుపు కొట్టాల్సింది అంది. రేపు ఎనిమిదికి మొదటి పేరు అక్కదే. డాక్టరు ఫోన్లోనే చూస్తారుట. ఇవ్వడం, ఇవ్వకపోవడం మాత్రం డాక్టరు ఇష్టం అంటోంది."

బుధవారం ఎనిమిదింటికి డాక్టరు ఫోన్ తెరమీదికి వచ్చి, పాత పట్టీ చూసి, పక్కింటివాళ్ల దగ్గర అరువు తెచ్చిన యంత్రంతో రక్తపోటు కొలిపించి, మూడు నెలలకి కాగితం పంపించాడు. షావుకారు మధ్యాహ్నానికి మాత్రలు తెచ్చాడు. తర్వాత బావమరిది రాసిన చీటీ పట్టుకుని, పనివాడిలాగే, బియ్యం పప్పూ ఉన్న చిన్న దుకాణంలో బుద్ధిగా నిలబడ్డాడు. దోవలో ఫోన్ మోగితే రెండుసార్లూ ఎత్తాడు.

ఆరుకి ఊరు మూతబడింది. ఆ తర్వాత యాభై రెండు రోజులు తెరవలేదు.

ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. చిలకలకి అంత గడువు అక్కర్లేదు. వాటి పంజరం ఉన్న ఎదురింటి బాల్కనీకీ వీళ్ల బాల్కనీకీ మధ్య మూరెడు దూరం. అయిదో వారంలో ఒక పొద్దున షావుకారు డబ్బాలు దించి లెక్క చూస్తుంటే, అవతలినుంచి అచ్చం ఆయన గొంతే వినిపించింది.

"ఆగు, లెక్క తప్పుతుంది!"

బావమరిది, కట్టు విప్పిన కాలితో, సోఫా మీంచి కిందికి జారి మరీ నవ్వాడు. షావుకారు కలం కింద పెట్టి భార్యవైపు తిరిగాడు.

"ఏదో చెప్పబోయావు?"

"ఏం లేదు. చట్నీలో ఉప్పు చాలిందా అని."

"చాలింది."

ఊరు తెరిచిన రోజున ఆయన వేసిన చివరి పద్దు ఇలా ఉంది. పోయినవి: ఒక బస్తా మేత, ఇంకో బస్తాలో సగం (అది కిటికీ దగ్గరికి వచ్చే పావురాల ఖాతా), షావుకారు తెలివి మీద బావమరిదికున్న గౌరవం. వచ్చినవి: తొంభై మాత్రలు, ఎదురింట్లో తట్టదగ్గ ఒక తలుపు, పరాయి దేశంలో తెలుగు మాట్లాడే మూడు పక్షులు. వాటి కింద, వేరే గీత గీసి, పొద్దున్నే అన్నిటికంటే ముందు లెక్కపెట్టినది రాశాడు: మాత్రలు, నలభై ఆరు. మనిషి, క్షేమం.