ముందు కాలెత్తండి

ఆవిడకు ఆసుపత్రిలో అందరూ కలిసి పెట్టిన పేరు కాలెత్తమ్మ. ఎదుటపడి అనే గుండె ఎవరికీ లేదనుకోండి. ఆవిడ వరండా మలుపు తిరగ్గానే కుర్ర డాక్టర్లు "కాలెత్తమ్మ వస్తోందిరోయ్" అంటూ మోచేతులతో పొడుచుకునేవాళ్ళు. రక్తనాళాల సర్జన్. కాళ్ళకు రక్తం అందక బాధపడే మనుషులతోనే పాతికేళ్ళుగా ఆవిడ కాపురం. శిష్యులకు చెప్పే మొదటి పాఠం, చివరి పాఠం ఒకటే. "మిషన్లూ స్కానింగులూ తర్వాత. ముందు మనిషిని పడుకోబెట్టి కాలెత్తండి. కిందికి వేలాడే కాలు ఉత్త అబద్ధాలకోరు."

అందులో నిజముంది. నాళాలు పూడుకుపోయిన పాదం కిందికి వేలాడుతున్నంతసేపూ కాస్తో కూస్తో నెత్తురు దిగి ఎర్రగా కళకళలాడుతూ ఉంటుంది. చూసినవాళ్ళకి దానికేం, దుక్కలా ఉందనిపిస్తుంది. అదే కాలిని పడుకోబెట్టి పైకెత్తితే, చూస్తూ చూస్తూండగానే రంగు దిగిపోయి సున్నం కొట్టిన గోడలా తెల్లబోతుంది. అప్పుడు బయటపడుతుంది లోపలి భాగోతం. ఈ ముక్క మరిచిపోయిన శిష్యుణ్ణి ఆవిడ నలుగురిలో నిలబెట్టి కడిగేసేది. అలాంటి మనిషే ఒకసారి కాలెత్తమనడం మరిచిపోయింది. దీపం కిందే చీకటి అని పెద్దలు ఊరికే అన్నారా!

మహమ్మారి వచ్చిపడిన రోజుల సంగతి ఇది. ఆసుపత్రి ఆసుపత్రంతా ఊపిరాడనివాళ్ళతో నిండిపోయింది. రక్తనాళాల విభాగానికున్న రెండు ఆపరేషన్ థియేటర్లనూ రాత్రికి రాత్రి వెంటిలేటర్ గదులు చేసేశారు. మత్తు డాక్టర్లు దాదాపు అందరూ అటే. నర్సుల్లో సగం మంది అటు, మిగిలిన సగంలో కొందరు జ్వరాలతో ఇళ్ళల్లో మంచాన. చివరికి కాలెత్తమ్మ చేతికి మిగిలింది ఒకే ఒక్క బల్ల. అదీ వాటాల కాపురమే. ఎముకలవాళ్ళు, కడుపువాళ్ళు, వీళ్ళు వంతులేసుకోవాలి.

ఇక పద్ధతులన్నీ తలకిందులయ్యాయి. పిక్కల్లో నరాలు ఉబ్బినవాళ్ళకి "మేమే కబురు చేస్తాం" అని చెప్పి తలుపులు మూసేశారు. పొట్టలోని పెద్ద నాళం బుడగలా ఉబ్బినవాళ్ళని ఇదివరకైతే వెంటనే చేర్చుకునేవాళ్ళు, ఇప్పుడు ఇంకాస్త పెరిగాక చూద్దామంటున్నారు. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆవిడకు నోరంతా చేదుగా ఉండేది. గొంతులో గొట్టం వేసి పూర్తిగా మత్తిచ్చే ఆపరేషన్లు వీలైనంత వరకు బంద్. ఆ గొట్టం వేసేటప్పుడే జబ్బు గదంతా పాకుతుందని భయం. నడుముకో తొడకో ఇంజక్షనిచ్చి, మనిషి మేలుకుని ఉండగానే పని కానివ్వాలి. గజ్జలోంచి సన్నటి తీగ పోనిచ్చి, బెలూన్‌తో నాళం తెరిచి, సాయంత్రానికల్లా ఇంటికి పంపేయాలి. పూడుకున్న చోటు దాటించి వేరే నాళం అతికే పెద్ద ఆపరేషనంటే గంటలకొద్దీ బల్ల కావాలి, ఆపైన ఐసీయూలో మంచం కావాలి. ఆ మంచం కోసం అప్పటికే ఎందరో ఎగశ్వాసతో ఎదురుచూస్తున్నారు.

రోజూ పొద్దున్నే సమావేశం అంబులెన్సుల షెడ్డులో జరిగేది. గాలి తగిలేచోట దూరదూరంగా నిలబడి, రోగుల్ని మూడు పోగులు పెట్టేవాళ్ళు. ఇవాళే, ఈ వారమే, తర్వాత.

"మనుషుల్ని కూరగాయల్లా ఏరుతున్నాం తమ్ముడూ," అంది ఒకనాడు కాలెత్తమ్మ. ఆ తమ్ముడు తోడబుట్టినవాడేం కాదు, మత్తు డాక్టరు. ఏళ్ళ తరబడి ఒకే బల్లకు చెరోవైపు నిలబడ్డ చనువు అది.

"ఏరకపోతే గంపంతా పాడైపోతుందక్కా," అన్నాడతను. మాస్కు వెనక మొహం ఎలా పెట్టాడో తెలియలేదు.

రోగులు రావడం మానేశారు గనక వాళ్ళ కాళ్ళు ఫోన్లోకి రావడం మొదలుపెట్టాయి. పాదం మీద వేలు పెట్టి నాడి ఉందో లేదో చెప్పగల మనిషి, పాపం, అరచేతిలో ఫోను పెట్టుకుని కళ్ళజోడు ఎగదోసుకుంటూ, దించుకుంటూ ఫొటోలు చూస్తూ కూర్చుంది. కొన్ని మసక, కొన్ని చీకటి, ఒకాయనైతే మంచి కాలు ఫొటో పంపాడు.

అలా ఒక దర్జీతో మాట్లాడింది. ఆసుపత్రిలో వేసుకునే పచ్చబట్టలన్నీ కుట్టేది అతనే, అందుకని ఆవిడ అతన్ని మాస్టారూ అనేది. అతని కుడికాలి నాళం సన్నబడుతోంది. బెలూన్ వేద్దామనుకుంటూ ఉండగానే ఈ పీడ దాపురించింది.

"కాలెలా ఉంది మాస్టారూ?"

"దానికేం డాక్టరమ్మా, రాయిలా ఉంది. మాస్కులు కుట్టి కుట్టి చేతులే అరిగిపోతున్నాయి."

"పుండ్లేమైనా లేచాయా?"

"అబ్బే."

"నిద్ర పడుతోందా?"

"గురక పెట్టి మరీ. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి, పాపం దానికే పట్టట్లేదు."

ఆవిడ నవ్వింది. ఫొటో పంపమంది. కాసేపటికి వచ్చింది. కుర్చీలోంచి కిందికి దిగిన పాదం, కిటికీలోంచి పడే ఎండలో గులాబీరంగుగా మెరిసిపోతోంది. పొద్దుట్నుంచీ నల్లబడ్డ వేళ్ళే చూసి చూసి ఉన్న కళ్ళకి ఆ ఎర్రటి పాదం కనిపించేసరికి ప్రాణం లేచొచ్చినట్టయింది. హమ్మయ్య, ఒక్కరైనా బాగున్నారు అనుకుంది. కాలెత్తమనలేదు. ఆ ఊహే రాలేదు. ఆ పాదం చూసి ముచ్చటపడింది, నిక్షేపంలా మోసపోయింది. దర్జీ వెళ్ళి 'తర్వాత' పోగులో పడ్డాడు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం దర్జీ భార్య ఫోన్ చేసింది.

"డాక్టరమ్మా, ఆయనకి చెప్పకుండా చేస్తున్నానండి. నొప్పి బిళ్ళలు ఇంకాస్త గట్టివి రాస్తారా? ఆ కుర్చీలో మనిషి మూలుగు వినలేకపోతున్నాను."

"కుర్చీలోనా? కుర్చీలో ఎందుకున్నారు?"

"అక్కడే కదండీ నిద్ర. పడుకుంటే కాలు కోసేస్తున్నట్టుంటుందట. కిందికి వేలాడేసుకుంటేనే కాస్త నెమ్మది. చాన్నాళ్ళయింది మంచమెక్కి."

కాలెత్తమ్మ ఉన్నపళంగా లేచి నిలబడింది. పడుకుంటే నొప్పి, వేలాడేస్తే ఉపశమనం. పరీక్షలో ఆవిడ అడిగే మొదటి ప్రశ్నకి జవాబది. అది తప్పు రాసినవాణ్ణి ఆవిడ పాస్ చేసేది కాదు.

"అమ్మా, వీడియోలోకి రండి. ఆయన్ని కింద పడుకోబెట్టండి. కాలు పైకెత్తండి."

దర్జీ గొణిగాడు, పెళ్ళాన్ని కసిరాడు, ఆఖరికి చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. భార్య మడమ కింద చెయ్యిపెట్టి కాలెత్తింది. పాదంలోని ఎరుపు, నీళ్ళు ఒలికిపోయినట్టు దిగిపోయింది. పాదం పాలిపోయింది. చిటికెన వేలి సందులో ఏదో నల్లగా కనిపించింది.

"అదేంటండీ? ఇది నాకెప్పుడూ చూపించలేదేం మీరు?" అంది భార్య.

"చూపిస్తే నువ్వు ఆసుపత్రికి తోలేస్తావుగా!" అన్నాడతను పడుకునే. "డాక్టరమ్మా, మీకు దణ్ణం పెడతాను, నన్నక్కడికి పిలవకండి. కాలు సంగతి దేవుడెరుగు, అక్కడికొచ్చిన మనిషి మళ్ళీ గుమ్మం తొక్కట్లేదు. మా వీధిలో ముగ్గురు పోయారు."

"మాస్టారూ, నేను రోజూ వస్తున్నది ఇక్కడికే. జబ్బువాళ్ళ దారి వేరు, మన దారి వేరు. మీరు రాకపోతే నేనే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను. నా సంగతి మీకు తెలుసు."

తెలుసు గనకే వచ్చాడు. భార్యను గేటు దగ్గరే ఆపేశారు. రోగి వెంట ఎవర్నీ రానివ్వకూడదని ఉత్తర్వు. ఆయన సంచీ ఆమె చేతిలోనే ఉండిపోయింది, ఆమె దాన్ని కడ్డీల సందులోంచి అందించింది.

వేళ్ళు విడదీసి చూస్తే ఫోన్లో కనిపించింది పావలా వంతే. చీము పాదం దాటి చీలమండ వైపు పాకుతోంది, ఒళ్ళు కాలిపోతోంది. ఆ సాయంత్రమే బల్ల దొరికింది. నడుముకు ఇంజక్షనిచ్చి, గజ్జలోంచి తీగ పంపింది. తీగ మోకాలి దాకా చక్కగా పోయి, ఆ కింద గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయింది. తిప్పింది, మార్చింది, ఇంకో తీగ తీసింది. దారి లేదు. బతిమాలింది కూడా, నిజం, ఆ తీగని పెదాలు కదిలీ కదలకుండా బతిమాలింది.

"అక్కా," అన్నాడు మత్తు డాక్టరు నెమ్మదిగా. "పెద్ద ఆపరేషన్ చేద్దామంటే మంచం లేదు. ఉన్నా, ఇంత చీములో..."

"తెలుసు తమ్ముడూ."

మంచం ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఫొటో వచ్చిన రోజున కాలెత్తించి ఉంటే మాత్రం, బెలూన్‌తో తేలిపోయే పని. ఆ సంగతి ఆ గదిలో ఆవిడకొక్కదానికే తెలుసు.

మెలకువగా ఉన్న దర్జీ అంతా విన్నాడు. "తీసేయాలా?" అన్నాడు.

"తీసెయ్యకపోతే మీరు దక్కరు మాస్టారూ."

"మోకాలుంటుందా?"

"మోకాలుంటుంది. దాని కింద తీస్తాను."

అతను పైనున్న దీపం వంక చూశాడు. "మిషను తొక్కే కాలండీ ఇది," అన్నాడు. మళ్ళీ అతనే, "సర్లెండి, కత్తిరించే ముందు సరిగ్గా కొలుచుకోండి. గుడ్డైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు," అన్నాడు. నర్సు అటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది. కాలెత్తమ్మకు ఆ వీలు కూడా లేదు, చేతులకు గ్లవ్సులున్నాయి.

పని అయ్యాక గేటు దగ్గరికి తనే వెళ్ళింది. కబురు ఫోన్లో చెప్పడం ఆ రోజుల్లో మామూలే, కానీ ఆవిడకు మనసొప్పలేదు. చెప్పింది. దర్జీ భార్య కడ్డీలు పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"నేనే చేశానండీ," అంది వెక్కుతూ. "డాక్టరుగారు చూసే కాలు కదా, మురికిగా ఉంటే ఏం బాగుంటుందని వేణ్ణీళ్ళతో కడిగి, నూనె రాసి, ఎండలో పెట్టి తీశాను ఫొటో. నిగనిగలాడేలా చేసి పంపాను. నా చేతులు విరిగిపోనూ! నేనే మిమ్మల్ని మోసం చేశాను."

కాలెత్తమ్మ కూడా అటువైపు నేల మీద చతికిలబడింది. మధ్యలో కడ్డీలు. ఆమె చెయ్యి పట్టుకోకూడదు, పట్టుకుంది.

"కాదమ్మా. మీరు నాకు కాలు శుభ్రం చేసి చూపించారు. ఎత్తి చూపించమని నేనడగాలి. అడగలేదు. పాతికేళ్ళుగా ఊరందరికీ చెప్పే మాట మీ ఆయనకి చెప్పలేదు. ఇది నా తప్పు. మీరు మీ నెత్తిన వేసుకోకండి, ఆయనకీ ఈ మాటే చెప్తాను."

చెప్పింది కూడా. దర్జీ విని, అటు తిరిగి పడుకున్నాడు. ఇంటికి వెళ్ళేదాకా ఆవిడ పలకరిస్తే ఊఁ, ఆఁ అనడమే తప్ప జోకులు లేవు. తిట్టినా బాగుండు అనుకుంది ఆవిడ.

ఆపరేషన్ మర్నాడే షెడ్డులో నిలబడి, "'తర్వాత' పోగంతా మళ్ళీ నాకివ్వండి," అంది. ఒక్కొక్కరికీ తనే వీడియో కాల్ చేసింది. హలో లేదు, బాగున్నారా లేదు, "ముందు పడుకుని కాలెత్తండి." కొందరు విసుక్కున్నారు, ఒక ముసలాయన బూతులు తిట్టాడు. ఎత్తినా అందరివీ ఎర్రగానే ఉన్నాయి, ఒక్క బస్సు కండక్టరుది తప్ప. అతను నవ్వుతూనే కాలెత్తాడు, పాదం తెల్లబోయింది. ఆ రోజే రప్పించి బెలూన్ వేశారు. సాయంత్రం తన కాళ్ళ మీద తను నడిచి బండెక్కాడు. అందరూ ఆవిణ్ణి మెచ్చుకున్నారు. ఆవిడ ఆ వెళ్ళేవాడి రెండు కాళ్ళ వంకే చూస్తూ నిలబడింది, ఎవరి మాటా చెవికెక్కలేదు.

కుట్లు మానాయో లేదో చూడటానికి దర్జీకి ఫోన్ చేసే రోజు వచ్చింది. వీడియోలో మొదట భార్య మొహం, తర్వాత మిషను, ఆ పక్కన అతను. మిషను మీద సగం కుట్టిన పచ్చగుడ్డ ఉంది. ఆవిడ గొంతు సవరించుకుంది. ఇన్నాళ్ళుగా నాలుక మీద నానిన మాట, ఆపుకునేలోగానే జారిపోయింది.

"ముందు కాలెత్తండి."

కాలెత్తమ్మ నాలుక కరుచుకుంది. భూమి చీలితే బాగుండుననిపించింది.

దర్జీ ఫోను వంక సూటిగా చూశాడు.

"ఇప్పుడడిగారా డాక్టరమ్మా!" అన్నాడు.

ఆ మాటలో నవ్వుంది, ములుకూ ఉంది. రెండూ ఆవిడకు తగలాల్సినచోట తగిలాయి. అతను భార్య భుజం పట్టుకుని చాప మీదికి దిగాడు. వెల్లకిలా పడుకుని, మోకాలి కింద మిగిలిన ఆ పొట్టి కాలిని పైకెత్తాడు. కుట్ల గీత సన్నగా మానింది. దాని చుట్టూ చర్మం గులాబీరంగులో ఉంది. ఆవిడ చూస్తోంది. ఇదివరకోసారి నమ్మిన రంగది, అందుకని నమ్మకుండా చూస్తోంది. రంగు దిగలేదు. అలాగే నిలిచింది.

"ఎడమకాలికి తొక్కడం నేర్పుతున్నానండీ. మొద్దు వెధవ, ఇప్పుడిప్పుడే దారికొస్తోంది," అన్నాడతను కాలు దించకుండానే. "మీ పచ్చబట్టలే కుడుతున్నా. ఇంక దించమంటారా? తొడ లాగేస్తోంది."

"ఇంకొంచెంసేపు మాస్టారూ," అంది ఆవిడ. "ఇంకొక్క కొంచెంసేపు అలాగే ఉంచండి."

కళ్ళజోడు మసకబారింది. తుడుచుకుంటే ఆ కాసేపూ కాలు కనపడదని, ఆవిడ తుడుచుకోలేదు.