ముందు కలిపిన డబ్బా

స్టోర్‌కీపర్ గుండెకు మొదటి దెబ్బ తగిలినప్పుడు, ఇక ముట్టకూడదంటూ డాక్టరు రాసిచ్చిన జాబితాలో మయొనీస్ అన్నిటికంటే పైన కూర్చుంది. ఆయనకేమో రొట్టె ముక్కల మధ్య మయొనీస్ కలిపిన చికెన్ సలాడ్ లేనిదే మధ్యాహ్నం గడవదు. ముప్పై ఏళ్లు పెద్ద హోటల్లో సరుకుల గది చూసుకుంటూ ఆ రుచి మరిగిన మనిషి.

భార్య ఊరుకుంటుందా? పట్టుదలకు ఆవిడ పెట్టింది పేరు. పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి కుళాయికి వేలాడదీసింది. నీరంతా కారి గట్టిపడ్డాక ఆవపిండి, నిమ్మరసం, ఉప్పు వేసి గిలక్కొట్టి, ఉడికించిన కోడిమాంసంలో కలిపింది. చూడటానికి అదే తెలుపు. కూతురికి మాత్రం మామూలు మయొనీసే. అచ్చాఫీసులో పనిచేసే ఆ పిల్ల ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది మరి.

రోజూ సాయంత్రం రెండు స్టీలు డబ్బాలు సిద్ధమయ్యేవి. మయొనీస్ అంటిన చెంచా పొరపాటున కూడా ఆయన డబ్బాలో పడకూడదని ముందు ఆయనది కలిపేది, ఆ తర్వాతే కూతురిది. హోటలు పద్ధతి ఇంట్లోనూ సాగాలని ఆయన పోరు పెట్టేవాడు కనుక మూతలకు టేపు అంటించి కలిపిన వేళ రాసేది: ఏడూ పది, ఏడున్నర. పొద్దున్నే పరుగులు పెట్టే కూతురి చేతికి అందేలా ఆ పిల్లది ఫ్రిజ్‌లో ముందు పెట్టేది, ఆయనది వెనక.

"ఏమే, ఇది పెరుగంటే నమ్మబుద్ధి కావట్లేదు. అచ్చం మయొనీసే!" అన్నాడాయన మొదటిరోజే. ఆవిడ పొంగిపోయింది. మొగుడి నోట మెప్పు పొందడమంటే మాటలా?

మూడు నెలల తర్వాత రక్తపరీక్ష చేయించారు. కొవ్వు తగ్గకపోగా ఇంకా పెరిగింది. "నోరు కట్టుకోకపోతే నేను చేయగలిగిందేమీ లేదు" అన్నాడు డాక్టరు.

ఇంటికి రాగానే ఆవిడ విరుచుకుపడింది. "ఎక్కడ తింటున్నారు దొంగచాటుగా?"

"నీమీద ఒట్టే. నువ్వు పెట్టింది తప్ప ఇంకేమీ ముట్టలేదు."

"అబద్ధానికి నామీద ఒట్లెందుకు? నేను రెక్కలు ముక్కలు చేసుకుంటుంటే మీకు నవ్వులాటగా ఉంది."

ఆయన ఎప్పటిలాగే రాత్రి కళ్లద్దాలు పెట్టుకుని ఫ్రిజ్ సర్ది వచ్చాడు. ఉద్యోగం పోయాక ఆయనకు మిగిలిన ఉద్యోగం అదొక్కటే. ఆవిడ అటు చూడనైనా లేదు. వారం రోజులు ఆయనతో పలకలేదు కూడా.

ఎనిమిదోనాడు ఆయన కుర్చీలోనే ఒరిగిపోయాడు.

ఆసుపత్రి వరండాలో తల్లి భుజం మీద తల పెట్టుకుని కూతురు వెక్కుతూ అంది. "నాన్న లేచి కూర్చుంటే చాలమ్మా. ఈ మూడు నెలల్లాగే జన్మంతా ఆ పెరుగు సలాడే తింటాను. పుల్లగా ఉందని ఒక్కసారి కూడా అనను."

"పెరుగా? నీకెప్పుడు పెట్టానే?"

"రోజూ పెడుతున్నావుగా. నాన్నకి తోడుగా నేనూ తినాలనేమో అనుకున్నా. ముందున్న డబ్బానే తీసుకెళ్తున్నానమ్మా."

ఆవిడకు ఆయన రోజూ ఫ్రిజ్ సర్దడం గుర్తొచ్చింది. ముందొచ్చిన సరుకు ముందు పోవాలి. ముప్పై ఏళ్లుగా ఆ మాటతో ఆయన ఇల్లు హోరెత్తించాడు. టేపు మీద ఏడూ పది చూసి ఆ డబ్బాను రోజూ ముందుకు జరిపాడు. ఏడున్నరది వెనక్కి వెళ్లింది. తనది ఏదో ఆయనకేం తెలుసు? మిగిలిందే తిన్నాడు.

తిలా పాపం తలా పిడికెడు. కానీ ఆయన మీద వేసిన నింద మాత్రం అచ్చంగా ఆవిడ ఒక్కదానిదే.

గబగబా లోపలికి వెళ్లి ఆయన చెవి దగ్గర వంగింది. "ఏమండీ, మీరు దొంగచాటుగా తినలేదండీ. నేనే పెట్టాను. వింటున్నారా?"

నర్సు వచ్చి మెల్లగా భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మా, ఇప్పుడే పోయారు. మీకు చెబుదామనే బయటికి వస్తున్నాను."

ఆవిడ తల ఊపింది. మళ్లీ వంగి అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పింది.