అక్క మాట పొల్లుపోకుండా

ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి పుట్టుకతోనే వినపడదు. చిన్నదానికి ఏడాది నిండకుండానే మాటలొచ్చాయి. వచ్చినవి మళ్ళీ ఆగలేదు. "అక్క వంతు కూడా ఇదే మాట్లాడేస్తోంది" అని తండ్రి నవ్వి, వసపిట్ట అని పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడిపోయింది.

తండ్రి అన్నది నిజమే. దుకాణంలో "ఏం కావాలమ్మా?" అని అక్కని అడిగితే వసపిట్ట జవాబు చెప్పేది. బడిలో పంతులమ్మ అక్క మీద కోప్పడితే సంజాయిషీ వసపిట్ట ఇచ్చుకునేది. చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు. "తోడబుట్టినదంటే అలా ఉండాలి" అనేవాళ్ళు. అక్క ఏమనుకుంటోందో ఎవరూ అడగలేదు. అడగాలన్నా వసపిట్ట ద్వారానే అడగాలి.

పెద్దయ్యాక అక్క పుస్తకాల బైండింగ్ షాపులో పనికి కుదిరింది. షాపు వెనక వీధిలోనే ఒక గది అద్దెకి తీసుకుని వేరుగా ఉండసాగింది. "ఒక్కదానివీ ఎందుకే, ఇక్కడేం తక్కువైంది?" అని తల్లి ఏడ్చింది. అక్క చేతులతో ఒకే మాట చెప్పింది. "గది నచ్చింది." వసపిట్ట దాన్ని తల్లికి చెప్పేటప్పుడు, "షాపుకి దగ్గరని వెళ్తోందమ్మా, వారానికోసారి వస్తుంది" అని నాలుగు మాటలు చేర్చి చెప్పింది.

వసపిట్ట సైగల భాష దుబాసీ అయింది. ఆవిడ పనిచేసే కేంద్రానికి వినపడనివాళ్ళు ఫోన్లో వీడియో కాల్ చేస్తారు. వాళ్ళ సైగలు చూసి దుబాసీ అవతలివాళ్ళకి నోటితో చెబుతుంది. అవతల డాక్టరుండొచ్చు, బ్యాంకు గుమాస్తా ఉండొచ్చు, ఇంటి ఓనరుండొచ్చు. వాళ్ళన్నది మళ్ళీ సైగల్లో చూపిస్తుంది. చేరిన మొదటి రోజే నేర్పేది ఒకటుంది. దుబాసీ సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. కాల్ చేసినవాళ్ళు తిడితే తిట్టే చెప్పాలి, అబద్ధమాడితే అబద్ధమే చెప్పాలి. కేంద్రంలో ఉన్నంతసేపూ వసపిట్ట ఆ మాట తప్పేది కాదు. అక్క దగ్గరికి వచ్చేసరికి ఎందుకో అది గుర్తుండేది కాదు.

ఆ ఏడాది ప్రభుత్వోద్యోగాల పరీక్ష వచ్చింది. అంతకుముందు ఏడాది ప్రశ్నపత్రం పరీక్షకి ముందే ఫోన్లలో తిరిగి పెద్ద గొడవైంది. అందుకని ఈసారి పరీక్ష రోజున పొద్దున్నుంచి సాయంత్రం దాకా జిల్లా అంతా ఇంటర్నెట్ ఆపేస్తున్నామని ప్రకటన వచ్చింది. ఫోన్ కాల్స్, మామూలు మెసేజ్‌లు యథాప్రకారం పనిచేస్తాయి కాబట్టి ప్రజలకి ఇబ్బంది ఉండదని కూడా అందులో ఉంది.

వసపిట్ట కేంద్రంలో ఆ రోజు తెరలన్నీ నల్లగా ఉన్నాయి. ఒక్క కాల్ కూడా రాలేదు. దుబాసీలు కుర్చీలు దగ్గరగా లాక్కుని కబుర్లు చెప్పుకున్నారు. "ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది" అని ఒకావిడ అంటే అందరూ నవ్వారు. వసపిట్ట మిగతావాళ్ళకంటే గట్టిగానే నవ్వింది.

సరిగ్గా అప్పుడే బైండింగ్ షాపులో అక్క, కాయితాలు కోసే యంత్రం కత్తి తుడుస్తోంది. రోజూ చేసే పనే. గుడ్డ జారింది. కుడిచేతి వేళ్ళు రెండు లోపలివైపు తెగాయి.

షాపు ఓనరు ఆమెని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి, చీటీ రాయించి, షాపు తెరిచి ఉందని వెనక్కి వెళ్ళిపోయాడు. డ్యూటీ డాక్టరు కుర్రవాడు. బయట వరండాలో జనం కిటకిటలాడుతున్నారు. అతను చేతిని చూసి ఏదో గబగబా చెప్పాడు. అంత వేగంలో పెదాల కదలిక అక్కకి అందలేదు. ఎడమచేత్తో చెవి చూపించి, వినపడదన్నట్టు తల ఊపింది. అతను ఒక కాయితం మీద రాసిచ్చాడు. ఆపరేషన్, మత్తు, సంతకం అనే మాటలు అక్కకి అర్థమయ్యాయి. మధ్యలో ఉన్నవి అర్థం కాలేదు. ఎప్పుడూ చెవిన పడని భాషని కేవలం కళ్ళతో నేర్చుకున్న మనిషి ఆమె. రాసిన తెలుగు ఆమెకి నెమ్మదిగా, కూడబలుక్కుంటేగాని రాదు. దానికి తోడు డాక్టరు రాత.

ఆమె ఫోన్ తీసి ఎడమచేత్తో దుబాసీ కేంద్రానికి వీడియో కాల్ చేసింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. మళ్ళీ చేసింది. డాక్టరు కాయితం, పెన్ను ముందుకి జరిపాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఉండండి, ముందు నాకు అర్థం కానివ్వండి అని ఆమె ఉద్దేశం. ఆపరేషన్ వద్దంటోందని అతను అనుకున్నాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ అలాగే ఊపింది. అతను వేళ్ళకి తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, పైచర్మం కుట్టి, పెద్ద కట్టు కట్టి పంపేశాడు.

అదే ఆపరేషన్ అని అక్క అనుకుంది.

సాయంత్రం నెట్ వచ్చాక అక్క చెల్లెలికి కాల్ చేసి కట్టు చూపించింది. వసపిట్ట గబుక్కున లేచి నిలబడింది. వెంటనే బయల్దేరతానంటే అక్క వద్దంది. "కుట్లు వేశారు. అయిపోయింది. నువ్వొచ్చి చేసేదేం లేదు." కట్లు మార్పించుకోవడానికి కూడా వీధి చివరి క్లినిక్‌కి ఒక్కతే వెళ్ళింది. తీరా కట్టు విప్పేసరికి ఆ రెండు వేళ్ళూ మడవడం లేదు.

పెద్దాసుపత్రి స్పెషలిస్టు చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వేలిని మడిచే నరాలు తెగాయి. ఆ రోజే కలిపి కుట్టాల్సింది. పోనీ ఆ వారంలో వచ్చినా సరిపోయేది. ఇప్పుడు ముడుచుకుపోయాయి. వ్యాయామం చేయిద్దాం, కొంత నయమవుతుంది. పూర్తిగా రాదు."

ఇంకొకరికైతే అది రెండు వేళ్ళ సంగతి. అక్కకి ఆ చెయ్యే నోరు. ఎప్పుడూ నిటారుగా ఉండిపోయే ఆ రెండు వేళ్ళ వల్ల ఆమె ఒకటి చెబితే ఇంకొకటిలా కనపడేది. రేపు అంటే తాళం అనుకునేవాళ్ళు. ఆదివారాలు కలిసే స్నేహితులు కూడా "ఏంటీ? మళ్ళీ చెప్పు" అని అడగసాగారు. "నా చేతికి నత్తి వచ్చింది" అని అక్క తనే అంది. దానికి నవ్వాలో వద్దో వాళ్ళకి తెలియలేదు.

అప్పటికి ప్రశ్నపత్రం సంగతి కూడా బయటపడింది. ఈసారి అది ఫోన్లలో తిరగలేదు. అచ్చువేసిన చోటినుంచే చేతులు మారింది. పేపర్లు, చానళ్ళు దుమ్మెత్తిపోశాయి. నెట్ ఎప్పుడు ఆపొచ్చు, ఎవరు ఆపొచ్చు అని విచారించడానికి ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. రిటైరైన జడ్జిగారు ఒకావిడ దానికి అధ్యక్షురాలు.

పౌరహక్కుల సంఘం లాయరు ఒకాయన అక్క సంగతి విని వసపిట్ట ఇంటికి వచ్చాడు. అక్క కూడా వచ్చి కూర్చుంది.

"మీ అక్కగారు కమిషన్ ముందు చెబితే బాగుంటుందమ్మా. ఆన్‌లైన్ వ్యాపారాల నష్టాలు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇలాంటిది ఎవరూ చెప్పలేదు."

"చెబుతుంది సార్," అంది వసపిట్ట. "ఎప్పుడు రమ్మంటారో చెప్పండి, నేను తీసుకొస్తాను. జరిగిందంతా నేను రాసిస్తాను కూడా."

అక్క బల్ల మీద అరచేత్తో రెండుసార్లు కొట్టింది. ఇద్దరూ అటు తిరిగారు.

"ఆయన ఏమడిగారు?" అని సైగ చేసింది.

వసపిట్ట చెప్పింది. అక్క ఆలోచించింది. లాయరు ఓపిగ్గా కూర్చున్నాడు. చివరికి ఆమె లాయరు వైపే చూస్తూ చెప్పింది. "వస్తాను. ఎవరూ రాసివ్వక్కర్లేదు. నేనే చెబుతాను."

విచారణ రోజు హాలు సగమే నిండింది. విలేకరులు కొందరు, లాయర్లు కొందరు. కమిషన్ పిలిపించిన దుబాసీ వేరే ప్రాంతం మనిషి. అక్కడి సైగలు వేరు. దానికి తోడు అక్క చేతి నత్తి. రెండు ప్రశ్నలయ్యేసరికి ఆయనే చేతులెత్తేశాడు. "నాకు సగం అందడం లేదు మేడమ్. తప్పు చెప్పేకంటే మానుకోవడం మంచిది."

ఆ చేతి సైగల్ని తడబడకుండా చదవగలిగిన దుబాసీ హాల్లో ఒక్కతే ఉంది. ప్రభుత్వ లాయరు లేచాడు.

"ఆవిడ సాక్షికి సొంత చెల్లెలు మేడమ్. తన మాటలు కలిపి చెబితే మనకి తెలిసేదెలా?"

న్యాయమైన అనుమానమే. అధ్యక్షురాలు వసపిట్టని ముందుకి పిలిచారు. "ఆవిడ చెప్పింది చెప్పినట్టు, పొల్లుపోకుండా చెప్పగలరా?"

"నా ఉద్యోగమే అది మేడమ్."

"మొత్తం వీడియో తీయిస్తాం. తర్వాత ఇంకొకరి చేత సరిచూపిస్తాం. సమ్మతమేనా?"

వసపిట్ట సరేనంది. ప్రమాణం చేసి అక్కకి ఎదురుగా నిలబడింది. యంత్రం, గుడ్డ జారడం, ఆటో, డాక్టరు రాసిన కాయితం, తెర మీద తిరిగిన చక్రం, అన్నీ అక్క ఆగి ఆగి చెప్పింది. వసపిట్ట "నేను" అంటూ అక్క గొంతై చెప్పుకుంటూ పోయింది. కేంద్రంలో రోజూ చేసే పనే కావడంతో మొదటి బెరుకు తగ్గింది.

ప్రభుత్వ లాయరు మర్యాదగానే మొదలుపెట్టాడు. "మీకు జరిగినదానికి మాకూ బాధగానే ఉందమ్మా. ఒక్క సంగతి. ఆ రోజు మామూలు మెసేజ్‌లు పనిచేశాయి. ఎడమచేత్తో వీడియో కాల్ చేయగలిగారు. మీ చెల్లెలు ఇదే ఊళ్ళో ఉన్నారు, దుబాసీ కూడా. రమ్మని ఆవిడకి ఒక్క మెసేజ్ పెడితే వచ్చేవారు కదా?"

వసపిట్ట ఆ ప్రశ్నని సైగల్లో అడిగింది. ఆ ప్రశ్న తనూ అక్కని అడుగుదామనుకుని, ఇన్ని నెలలుగా అడగలేదు.

అక్క చెల్లెలి ముఖం చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. వసపిట్ట నోరు తెరిచింది. మాట రాలేదు.

"ఆవిడ ఏమంటున్నారు?" అన్నారు అధ్యక్షురాలు.

వసపిట్ట అక్క చేతుల మీదే చూపు నిలిపి చెప్పింది.

"నేను పిలిస్తే నా చెల్లెలు వచ్చేది. పరుగెత్తుకుంటూ వచ్చేది. అది వచ్చాక ఇక నా వంక ఎవరూ చూడరు. డాక్టరు దానితోనే మాట్లాడతాడు. నన్నడిగినదానికి నాకు చూపించకుండానే అది జవాబిస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే. నేను ఒక్క మాటంటే అది నాలుగు చెబుతుంది. ఆ మూడు ఏమిటో నాకు తెలియదు."

హాల్లో ఎవరో దగ్గారు. అక్క ఆగలేదు, కాబట్టి వసపిట్ట కూడా ఆగలేదు.

"దానికి నేనంటే ప్రాణం. నాకూ అదంటే ప్రాణమే. కానీ నా చెయ్యి కొయ్యాలా వద్దా అన్నది నేను చెప్పాలి. వీడియోలో వచ్చే దుబాసీ నాకెవరో తెలియదు. ఆవిడకి నా మీద జాలి లేదు. నేనన్నదే చెబుతుంది, డాక్టరన్నదే నాకు చూపిస్తుంది. నా జన్మలో నా మాట నా మాటలా బయటికొచ్చింది ఆ లైన్లోనే. ఆ రోజు మీరు ఆపింది దాన్ని. మీ చెల్లెల్ని పిలుచుకోవచ్చుగా అని ఇప్పుడు నన్నడుగుతున్నారు. మీరు ఆసుపత్రికి వెళ్తే మీ తమ్ముడు వచ్చేదాకా డాక్టరుతో మాట్లాడకుండా కూర్చుంటారా?"

ప్రభుత్వ లాయరు తన కాయితాలు మడిచాడు. "ఇంకేం అడగాల్సింది లేదు మేడమ్" అని కూర్చున్నాడు.

బయట మెట్ల మీద తల్లి ఎదురుచూస్తోంది. ఏమైందని అడిగితే వసపిట్ట తల ఊపి పక్కకి వెళ్ళి నిలబడింది. అక్క వెనకే వచ్చి భుజం తట్టింది.

"అంతా చెప్పావా?"

"చెప్పాను."

"నీ గురించి చెప్పిందీ?"

"అదీ చెప్పాను. వీడియో ఉంది, కావాలంటే సరిచూపించుకో." కోపంగానే సైగ చేసింది. తర్వాత చేతులు దించేసి, మళ్ళీ ఎత్తింది. "ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"ఎవరి చేత చెప్పించను?" అంది అక్క.

తల్లి ఇద్దరి చేతులవైపూ మార్చి మార్చి చూసింది. "ఏమంటోందే?" అని చిన్నదాన్ని అడిగింది. వసపిట్టకి ఏడుపు, నవ్వు కలిసొచ్చాయి. "నువ్వే అడుగమ్మా. నెమ్మదిగా అడిగితే పెదాలు చూసి గ్రహిస్తుంది" అంది.

వీడియోని సరిచూసినవాళ్ళు ఒక్క తప్పు కూడా లేదన్నారు. కొన్నాళ్ళకి కమిషన్ నివేదిక వచ్చింది. నెట్ ఆపాలంటే కారణాలతో లిఖితపూర్వకమైన ఉత్తర్వు ముందే ప్రకటించాలనీ, ఆసుపత్రుల లైన్లూ దుబాసీ కేంద్రం లైనూ ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదనీ రాశారు. రెండోది ప్రభుత్వం ఒప్పుకుంది. మొదటిది పరిశీలనలో ఉందంది. "సగం గెలిచినట్టు" అని పేపర్లు రాశాయి. "సగమే" అన్నాడు లాయరు. ఆయన మిగతా సగం కోసం మళ్ళీ కోర్టుకి వెళ్ళాడు.

మరుసటి పరీక్షకీ నెట్ ఆపారు. ఉత్తర్వు కాయితం ఎక్కడా కనపడలేదు. దుబాసీ లైను పొద్దున కాసేపు పనిచేయలేదు, కేంద్రంవాళ్ళు గట్టిగా అడిగాక పనిచేసింది. ఆ రోజంతా వసపిట్టకి ఊపిరాడనన్ని కాల్స్. ఒక పెద్దాయన మందుల షాపువాడితో పోట్లాడాడు, ఒకమ్మాయి ఉద్యోగం ఇంటర్వ్యూ వాయిదా వేయించుకుంది, ఇంకొకాయన భార్యకి పురుడొచ్చిందని అత్తగారికి చెప్పించాడు.

అక్క వేళ్ళు కొద్దిగా వంగుతున్నాయి. అంతకుమించి వంగవని స్పెషలిస్టు చెప్పేశాడు. స్నేహితులు ఆమె నత్తికి అలవాటుపడ్డారు. ఆమె పెట్టిన కొత్త సైగలు కొన్ని వాళ్ళూ వాడుతున్నారు.

అక్క చేతి వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్తుంటే ఒకరోజు వసపిట్ట తోడుగా వెళ్ళింది. అక్క గోడకి ఫోన్ ఆనించి వీడియో లైను కలుపుకుని డాక్టరు ముందు కూర్చుంది. తెర మీద ఉన్నది వసపిట్ట కేంద్రంలోనే పనిచేసే దుబాసీ. నర్సు తలుపు దగ్గరికి వచ్చి, బయట కూర్చున్న వసపిట్టతో, "మీరు ఆవిడ తాలూకానా? లోపలికి రండి, డాక్టరుగారు ఏం చెబుతున్నారో విందురుగాని" అంది.

"పిలిస్తే వస్తానండి" అంది వసపిట్ట.

నర్సు వింతగా చూసి తలుపు వేసింది. లోపలినుంచి డాక్టరు గొంతు, ఆ వెంట ఫోన్లోని దుబాసీ గొంతు వినపడుతున్నాయి. వసపిట్ట లేచి, మాటలు వినపడనంత దూరంగా, కిటికీ పక్కనున్న బెంచీ మీదికి వెళ్ళి కూర్చుంది.