వెంట వచ్చిన కుర్చీ

సాయంత్రం నాలుగైంది. మబ్బు పట్టి ఉంది, వాన మాత్రం రాలేదు. ఆమె వీధి గుమ్మం పక్కన బల్ల వేసుకుని ఇస్త్రీ చేస్తోంది. రోజూ చేసే పనే. వీధిలో సగం ఇళ్ళ బట్టలు ఆ బల్ల మీదికే వస్తాయి. ఎవరి చొక్కాకి చిరుగు పడిందో, ఎవరింట్లో కొత్త దుప్పట్లు కొన్నారో అందరికన్నా ముందు ఆమెకు తెలుస్తుంది. తెలిసినా నోరు విప్పే మనిషి కాదు.

ఆ రోజు విప్పింది.

ఇంటర్వ్యూకి వెళ్ళిన కూతురు వీధి మలుపు తిరిగి వస్తోంది. దాని వెనకే, కాస్త దూరంలో, ఒక కుర్చీ వస్తోంది. నల్ల రెగ్జిన్ సీటు, ఇనుప కాళ్ళు. రోడ్డు మీద గుంత వచ్చిన చోట ఆగింది. కాళ్ళు కూడదీసుకుని ఒక్క ఊపున దాటింది. మళ్ళీ పిల్ల వెనకే నడిచింది.

"ఎక్కడిదే ఇది?"

"ఇంటర్వ్యూలో నేను కూర్చున్నదేనమ్మా. లేచి వస్తుంటే వెనకే వచ్చేసింది. బస్సు కూడా ఎక్కింది."

"కండక్టరు ఏమీ అనలేదూ?"

"పక్కకి జరిగి నిలబడమన్నాడు. జరిగింది."

లోపల మంచం మీదున్న అత్తగారు తల ఎత్తి చూసింది. "కుర్చీ వెంటబడిందంటే ఇంక ఢోకా లేదు. మా పెద్దన్నయ్యకి ఏకంగా బల్లే వచ్చింది. రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు. మీ తాతకి స్టూలు కూడా రాలేదు. అందుకే ఎక్కడా కుదురుగా నిలవలేదు, పాపిష్టి మనిషి."

పిల్ల నవ్వింది. అది నవ్వి చాలా రోజులైంది. పెద్ద ప్రైవేటు ఆసుపత్రి, విచారణ కౌంటర్లో ఉద్యోగం. ముగ్గురు కూర్చుని అడిగారట. ముగ్గురూ నవ్వుతూ మాట్లాడారట. ఎప్పటి నుంచి రాగలవని అడిగారట. చివర్లో యూనిఫాం కోసం కొలతలు కూడా రాసుకున్నారట.

ఎదురింటావిడ అప్పటికే గుమ్మంలోకి వచ్చేసింది. వీధంతా ఆవిణ్ణి రేడియో అంటారు. ముఖం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది.

"వదినా, పిల్లకి కుర్చీ వచ్చిందటగా!"

"వచ్చింది వదినా. ఉద్యోగం కూడా వచ్చేసినట్టే. యూనిఫాం కొలతలు తీసుకున్నారు."

"అమ్మా, ఇంకా కబురు రాలేదుగా," అంది కూతురు వెనక నుంచి.

"రాక ఎక్కడికి పోతుంది?"

ఆ రాత్రికల్లా ఆమె మాటలోంచి "వచ్చేసినట్టే" పోయి "వచ్చేసింది" మిగిలింది. మర్నాడు బట్టల కోసం వచ్చిన వాళ్ళందరికీ మూటతో పాటు ఆ మాట కూడా చేతిలో పెట్టి పంపింది. కుర్చీని ముందుగదిలో, వీధిలోకి కనబడేలా వేసింది. రోజూ తుడిచింది.

కబురు ఒక పొద్దున ఫోన్లో వచ్చింది. పిల్ల "సరేనండీ, పర్వాలేదండీ, థాంక్స్ అండీ" అని పెట్టేసింది. నీళ్ళు తాగడానికి వెళ్ళింది. గ్లాసు నింపి, తాగకుండా మళ్ళీ బిందెలోనే పోసింది.

"వేరే అమ్మాయిని తీసుకున్నారమ్మా. నేను చాలా బాగా మాట్లాడానట. మళ్ళీ ఎప్పుడైనా చూద్దామన్నారు."

బల్ల మీద ఎవరిదో దిండు గలీబు కాలిన వాసన వచ్చాక గానీ ఆమె ఇస్త్రీపెట్టె ఎత్తలేదు. అప్పుడు ఆమెకు మొదట గుర్తొచ్చింది కూతురు కాదు, రేడియో. ఆ సంగతి తనకే తెలిసి, పిల్ల ముఖంలోకి చూడలేకపోయింది.

మధ్యాహ్నమంతా ఆలోచించి, సాయంత్రం చెప్పింది. "ఒక్క వారం. పొద్దున్నే తయారై వెళ్ళు. ఎక్కడైనా కూర్చుని సాయంత్రం వచ్చెయ్. ఆ తర్వాత జీతం నచ్చక మనమే మానేశామని చెప్పేద్దాం."

"ఎక్కడ కూర్చోనమ్మా?"

"ఎక్కడైనా."

బస్సు డ్యూటీ దిగి వచ్చిన భర్త కంచం ముందు కూర్చుని ఉన్నాడు. "ఏమే, దానికిది ఇష్టమేనా? అడిగావా?"

ఆమె అడగలేదు. "సరేలే నాన్నా, తినండి," అంది కూతురే.

మరి కుర్చీ? పిల్ల ఉద్యోగానికి వెళ్తే కుర్చీ కూడా వెళ్ళాలి కదా. ఆమె దాన్ని వెనకగదిలోకి నెట్టింది. దుప్పటి కప్పి, పైన ఉతకాల్సిన బట్టల మూట పెట్టింది. పొద్దున పిల్ల చెప్పులు వేసుకుంటుంటే దుప్పటి కింద కాళ్ళు టకటకలాడేవి. ఆమె వెళ్ళి రెండు చేతులతో అదిమి పట్టుకునేది. పిల్ల మలుపు తిరిగాక వదిలేది.

"దాన్ని కట్టేస్తావెందుకే పాపం," అనేది అత్తగారు.

"కట్టెయ్యలేదు అత్తయ్యా. మూట పెట్టానంతే."

"ఆహా. నన్నూ ఎప్పుడో అలాగే మూల పెడతావు కాబోలు."

రేడియో మొదటిరోజే అడిగింది. "కుర్చీ కూడా వెళ్ళిందా వదినా? నేను చూడనేలేదు."

"పొద్దున్నే వెళ్ళింది. నువ్వు లేవలేదింకా."

వారం అన్నది వారంలో ఆగలేదు. మానేశామన్న మాట ఆమెకు రోజూ నోటిదాకా వచ్చేది, రేడియో ముఖం చూడగానే వెనక్కి పోయేది. పిల్ల పొద్దున వెళ్ళేది, సాయంత్రం దుమ్ము పట్టిన కాళ్ళతో వచ్చేది. డబ్బాలో అన్నం ఒకరోజు తినేది, ఒకరోజు అలాగే తెచ్చేది.

"ఎక్కడ కూర్చున్నావే?"

"ఎక్కడో ఒకచోట."

ఒకసారి రేడియో పిల్లని గుమ్మంలోనే ఆపేసింది. "ఏమ్మా, మా చెల్లెలి కూతురు కూడా ఖాళీగానే ఉంది. మీ వాళ్ళతో ఒక మాట చెప్పకూడదూ?"

"అలాగే అత్తా. పెద్దమేడం లీవులో ఉన్నారు, రాగానే చెబుతాను." పిల్ల నవ్వు ముఖంతో, తడుముకోకుండా అంది. ఆమె బల్ల దగ్గరే ఉండి విన్నది. గొంతు పిల్లది, ఆ అల్లిక మాత్రం తనది.  ఆ రోజు ఇస్త్రీ చేసినంతసేపూ తల ఎత్తలేదు.

తర్వాత కొద్దిరోజులకే వాన పట్టుకుంది. మధ్యాహ్నం మొదలై ఆగలేదు. సాయంత్రానికి వీధిలో నీళ్ళు పారుతున్నాయి. పిల్ల వచ్చే వేళ దాటింది. పిల్ల ఫోనుకి చేస్తే మోగడం లేదు. భర్త మోకాళ్ళదాకా తడిసి వచ్చాడు.

"బస్సులు ఆపేశారు. రోడ్లన్నీ చెరువులే. పిల్లేదీ?"

"రాలేదు."

"ఎటు వెళ్ళింది? ఏ వైపు వెతకను?"

ఆమెకు తెలియదు. ఎక్కడైనా అన్నది తనే.

భర్త ఆమె వంక చూశాడు.  గొడుగు తీసుకుని, బస్టాండు వైపు చూసి వస్తానని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వెనకగదిలో దబ్బుమని చప్పుడైంది. మూట కింద పడింది. దుప్పటి ఈడ్చుకుంటూ కుర్చీ ముందుగదిలోకి వచ్చింది. మూసిన తలుపు ముందు ఆగి, ముందుకాలితో గడపని కొట్టింది. ఆగింది. మళ్ళీ కొట్టింది.

బయట రేడియో ఇంటి చూరు కింద వీధిలో సగంమంది ఉన్నారు, వానకి ఆగిపోయినవాళ్ళు. వాళ్ళ మాటలు తలుపు ఇవతలికి వినిపిస్తున్నాయి. తలుపు తీస్తే ఇన్నాళ్ళుగా చెప్పినదంతా వాళ్ళ కళ్ళముందే నాలుగు కాళ్ళ మీద నడుచుకుంటూ పోతుంది. ఆమె గడియ మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. ఎంతసేపు నిలబడిందో, ఆ కాసేపటికి ఆమె తర్వాత తనని తాను క్షమించుకోలేదు.

"తియ్యవే తలుపు," అంది అత్తగారు. "చూస్తే చూస్తారు. వాళ్ళేమైనా మన పిల్లని తెచ్చిస్తారా?"

ఆమె కుర్చీ మీది దుప్పటి తీసేసింది. రెండు తలుపులూ బార్లా తీసింది. కుర్చీ నీళ్ళలోకి దిగింది. వెనకే ఆమె.

చూరు కింద వాళ్ళంతా ఇటు తిరిగారు.

"వదినా! అది... పిల్లతో వెళ్ళిందన్నావుగా?"

"అబద్ధం చెప్పాను వదినా. దానికి ఆ ఉద్యోగం రాలేదు. రోజూ నేనే బయటికి పంపిస్తున్నాను. ఇవాళ ఇంకా ఇంటికి రాలేదు."

అందరూ విన్నారు. రేడియో గోడకి ఆనించి ఉన్న గొడుగు తీసి, విప్పి, ఆమె చేతిలో పెట్టింది. "వెళ్ళు వదినా, వెళ్ళు. అత్తమ్మ దగ్గర నేను కూర్చుంటాను."

కుర్చీ గబగబా నడుస్తోంది. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని వెంటబడింది. కూడలిలో పోలీసు ఈల ఊది, బళ్ళు ఆపి, కుర్చీని దాటనిచ్చాడు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రి వచ్చింది. అద్దాల తలుపుల వెనక దీపాలు, కౌంటర్లో ఎవరో యూనిఫాం వేసుకున్న అమ్మాయి. కుర్చీ ఆగుతుందేమో అనుకుంది. అది అటు తిరగను కూడా తిరగలేదు. ఇంకా ముందుకు పోయి, రంగు వెలిసిన పాత సర్కారు ఆసుపత్రి మెట్లెక్కింది.

లోపల జనం. వాన నీళ్ళు ముందు వరండాలోకి వచ్చేస్తే అందరినీ మెట్ల దగ్గరికి తోలారు. పిల్లలు ఏడుస్తున్నారు. ఒక ముసలాయన ఎవరినీ ఉద్దేశించకుండా "రక్తపరీక్ష ఎక్కడండీ, రక్తపరీక్ష" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ తోపులాట మధ్యలో, మెట్ల మొదట్లో, తడిసిన బట్టలతో ఆమె కూతురు నిలబడి ఉంది.

"రక్తపరీక్ష పైన తాతగారూ, ఈ మెట్లు వద్దు, జారుతున్నాయి. వంటగది వెనక వేరే మెట్లున్నాయి, అటు వెళ్ళండి. అమ్మా, ఎక్స్‌రే అటు కాదు, అటు నీళ్ళొచ్చాయి. నెమ్మది, నెమ్మది."

కుర్చీ జనం కాళ్ళ మధ్య నుంచి దూరి వెళ్ళింది. పిల్ల వెనక ఆగి, మోకాళ్ళ వెనక మెత్తగా తాకింది. పిల్ల తిరిగి చూడకుండానే కూర్చుంది. ఎప్పటినుంచి నిలబడిందో, కూర్చుంటూ కళ్ళు మూసుకుంది ఒక్క క్షణం.

అంతే. మీద పడుతున్న జనం సర్దుకున్నారు. కుర్చీలో కూర్చున్న మనిషి కనబడేసరికి ఎవరూ చెప్పకుండానే ఒకరి వెనక ఒకరు లైను కట్టారు.

ఆమెకు పరుగెత్తి వెళ్ళి పట్టుకోవాలనిపించింది.  ఏ ముఖం పెట్టుకుని వెళ్తుంది? వెళ్ళి లైను చివర నిలబడింది. లైను కదిలినప్పుడల్లా ఒక అడుగు వేసింది. పిల్ల ఒక్కొక్కరికీ చెయ్యి చూపించి, గుర్తులు చెప్పి పంపిస్తోంది. ఆ ఆసుపత్రిలో ఏ గది ఎటుందో, ఏ తలుపు మూస్తే ఏ తలుపు తీస్తారో అన్నీ చెబుతోంది.

ఆమె వంతు వచ్చింది. పిల్ల తల ఎత్తలేదు.

"ఎవరి కోసమండీ?"

"నీ కోసమే."

పిల్ల తల ఎత్తింది. చాలాసేపు చూసింది.

"ఇక్కడున్నావా ఇన్నాళ్ళూ?" అంది తల్లి.

"ఇక్కడైతే ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరమ్మా. అందరూ ఎవరి కోసమో కూర్చున్నవాళ్ళే. దారి తెలియని ముసలివాళ్ళతో కాస్త తిరిగేదాన్ని. ఫోను తడిసి ఆగిపోయింది. వీళ్ళని వదిలి రాలేకపోయాను."

"ఇంటికి రా. అందరికీ చెప్పేశాను."

"ఏమని?"

"నీకు రాలేదని. నేనే అబద్ధం చెప్పానని."

"రేడియో అత్త ముందా?"

"వీధంతటి ముందూ."

పిల్ల పెదవి బిగించింది. నవ్వబోయింది, ఏడ్చేసింది. లైన్లో వెనకున్నావిడ "తల్లీకూతుళ్ళు కాస్త పక్కకి జరిగి ఏడవండమ్మా, మా ఆయనకి జ్వరం" అంది. పిల్ల కళ్ళు తుడుచుకుని జ్వరాల గది చెప్పింది.

వాన తగ్గి, లైను పలచబడ్డాక పెద్దనర్సు వచ్చింది. చేతిలో తడిగుడ్డ, ముఖం నిండా అలసట.

"ఎవరమ్మా నువ్వు? ఇక్కడ నిన్నెవరు వేశారు?"

"ఎవరూ వెయ్యలేదండీ. కుర్చీ వచ్చింది, కూర్చున్నాను."

పెద్దనర్సు కుర్చీని చూసింది. ఖాళీ అవుతున్న వరండాని చూసింది. "రేపు పొద్దున రాగలవా? పెద్ద డాక్టరుగారిని అడుగుతాను. ఇస్తే రోజుకూలీ ఇస్తారు, అదీ గట్టిగా చెప్పలేను. ఆశపడకు."

పిల్ల తల్లి వంక చూసింది. ఈసారి ఆమె ఒక్క మాట కూడా అనలేదు.

"వస్తానండీ," అంది పిల్ల.

లేచి బయల్దేరారు. కుర్చీ కదల్లేదు. మెట్ల పక్కకి జరిగి, గోడకి వీపు ఆనించి నిలబడింది. ఎవరో పోతూ పోతూ దాని వీపు మీద తడి తువ్వాలు ఆరేశారు.

ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచి వచ్చారు.  దారి పొడుగునా పిల్ల చెయ్యి ఆమె మోచెయ్యి పట్టుకునే ఉంది.

గుమ్మంలో రేడియో. "దొరికిందా!"

"దొరికింది వదినా. ఇదిగో నీ గొడుగు."

"కుర్చీ ఏదీ? అంటే ఉద్యోగం..."

"తెలియదు వదినా. తెలిశాకే చెబుతాను."

రేడియో గొడుగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆమె లోపలికి వెళ్ళలేదు. గడప మీద నిలబడి మలుపు వైపు చూస్తోంది. వెనక అత్తగారి గొంతు వినిపిస్తోంది, పిల్లని తల సరిగ్గా తుడుచుకోమని తిడుతోంది. అత్తయ్య ఉంది. పిల్ల వచ్చింది. కాసేపటికి మలుపులో ఆయన కనిపించాడు. గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, తల వంచుకుని, ఒక్కడే వస్తున్నాడు.

"వచ్చిందండీ," అని అక్కణ్ణుంచే కేకేసింది.

అతను తల ఎత్తాడు. పరుగులాంటి నడకతో వచ్చి, ఆమెని దాటుకుని లోపలికి వెళ్ళాడు.

ముగ్గురు. ఆమె మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుని, తలుపు వేసింది.