చీటీలకు జవాబులు

వంటింట్లో మిక్సీ పెట్టుకోవడానికి ఉన్న ప్లగ్గు ఒక్కటే. శనివారం పొద్దున చూస్తే దానికి మా ఆయన ఫోను వేలాడుతోంది. తీసి పక్కన పెట్టి మిక్సీ తిప్పుకున్నాను. అంతే, కొంప మునిగిపోయింది. పన్నెండు శాతమే ఎక్కిందట, మొదటి పీరియడే క్లాసట, ఇంట్లో ఇన్ని ప్లగ్గులుండగా మిక్సీకి ఇదే కావలసి వచ్చిందా అట. ఇన్ని ప్లగ్గులుండగా ఫోనుకి మాత్రం ఇదే ఎందుకని నేను. మిక్సీ పది నిమిషాలు ఆగితే ఏం పోతుందన్నారు. మీ క్యారేజీ పోతుందన్నాను. కూరగాయలు తరుగుతున్న అత్తయ్య తలెత్తకుండానే, "మీ ఇద్దరి మధ్యా నా చెవులు పోతున్నాయి" అంది.

ఆయన మూతి ముడుచుకుని వెళ్ళిపోయారు. వెళ్ళింది ఏం పాఠం చెప్పడానికో వింటే నవ్వొస్తుంది. ఫోనులో, ఇంటర్నెట్‌లో తోటిమనిషితో మర్యాదగా, బాధ్యతగా ఎలా మెలగాలన్నది ఆ పాఠం.

ఈ ఏడాది కాలేజీలో వారానికి ఒక గంట దానికి కేటాయించారు. చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. మా ఆయన చెప్పేది కామర్స్. ఆ మీటింగుకి ఆలస్యంగా వెళ్ళిన పాపానికి అది ఆయన నెత్తిన పడింది. నోరు విప్పి అడగడానికి పిల్లలు మొహమాటపడుతున్నారంటే, చెప్పులు కొన్న అట్టపెట్టె ఒకటి క్లాసు గుమ్మం దగ్గర పెట్టి, పేరు లేకుండా చీటీలు వెయ్యమనండి అని నేనే చెప్పాను. మొదటివారమే పెట్టె నిండింది. ఆ చీటీలన్నీ బల్ల మీద కుమ్మరించి, "ఎమ్మే చదివావుగా. ఎలాగూ ఖాళీగానే ఉంటావు, కాస్త చూసిపెట్టు" అన్నారు.

ఖాళీగా ఉండడమంటే ఏమిటో పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు తెలిసిరాలేదు. అయినా చూసిపెట్టాను. కూర మగ్గేలోపు రెండు చీటీలు, బట్టలు ఆరేసి వచ్చి రెండు, అత్తయ్యకి మందులిచ్చాక ఇంకో రెండు. మొదట్లో అన్నీ వెటకారాలే. రానురాను అసలు ప్రశ్నలు వచ్చాయి. 'ఫొటో తీసింది నేను, పెట్టుకోవడానికి ఇంకొకరిని అడగడమేమిటి' అని ఒకరు. ఫొటో నీదే, అందులో ఉన్న ముఖం నీది కాదు అని రాశాను. 'నాకంటే ముందు నలభైమంది పంపారు, నలభై ఒకటో మనిషిని నేను, నా తప్పేముంది' అని ఇంకొకరు. నీ దగ్గర ఆగి ఉంటే నువ్వు పంపినవాళ్ళు చూసేవాళ్ళు కాదు, నీ వంతు అంతే, కానీ అది నీదే అని రాశాను. 'సరదాకి తీసిన వీడియో వల్ల వాళ్ళకేమైంది' అన్న చీటీ దగ్గర మాత్రం కూర మాడిపోయేదాకా కూర్చున్నాను. చివరికి ఇలా రాశాను: 'ఏమీ కాలేదని వాళ్ళు చెప్పారా? ఆ వీడియో తర్వాత వాళ్ళు ఏం మానుకున్నారో చూడు. అంతకుముందు పాడేవాళ్ళయితే ఇప్పుడూ పాడుతున్నారా?'

మా ఆయనది మంచి గొంతు. నా జవాబులు ఆయన చదివితే క్లాసంతా నిశ్శబ్దంగా వింటుందట. మీలో ఇంత సున్నితత్వం ఉందనుకోలేదన్నాడట ప్రిన్సిపాలు. అన్నీ కలిపి ఆయన పేరు మీద చిన్న పుస్తకం వేస్తామన్నారట. ఆ కబురు చెబుతూ మా ఆయన ఎంత మురిసిపోయారంటే, రాసిందెవరో ఆ క్షణంలో ఆయనకు నిజంగానే గుర్తులేదు. చెడ్డమనిషి కాదు. నాకు జ్వరం వస్తే సెలవు పెట్టి, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంటారు.

కానీ నాకా జవాబులు ఎమ్మేలో నేర్పలేదు. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు గిన్నెలతో మాట్లాడే అలవాటు ఉండేది నాకు. మూడేళ్ళ కిందట ఒకరోజు ఎంతకీ వెలగని పొయ్యిని కేకలేస్తున్నాను: "నువ్వూ ఈ ఇంటిదానివే అనిపించుకున్నావు, పదిసార్లు పిలిస్తే గానీ పలకవు." మా ఆయన గుమ్మంలోంచి వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టేశారు. ఆడపడుచు భర్త దానికి సంగీతం తగిలించాడు. ఏ ఇంట్లో అడుగుపెట్టినా, మీ పొయ్యి పలుకుతోందా అని పలకరింపు. నేనూ నవ్వాను. నవ్వకపోతే 'సరదా తెలియని మనిషి' అంటారు. ఆ తర్వాత గిన్నెలతో మాట్లాడడం మానేశాను. మా వంటింట్లో ఒక గొంతు తగ్గిన సంగతి ఎవరూ గమనించలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం ఆయన తెచ్చిన చీటీల్లో ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది.

'సార్, మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ ఏడుస్తుంటే మా రూమ్మేట్ వీడియో తీసింది. దానికి పాట పెట్టారు. క్లాసులో అందరి దగ్గరా ఉంది. మెస్సుకి వెళ్ళి తొమ్మిది రోజులైంది, బిస్కెట్లు తింటున్నాను. మంగళవారం బస్సుకి వెళ్ళిపోతున్నాను, ఇంక చదవను. పోయినవారం మీరు చదివిన జవాబు మీరు రాసింది కాదు సార్. నవ్వులపాలైన ఆడమనిషెవరో రాశారు. ఆవిడతో ఒక్కసారి మాట్లాడాలని ఉంది.'

చీటీ ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నువ్వు జవాబు రాసివ్వు, సోమవారం కామర్స్ క్లాసులోనూ ఆ పిల్లలే ఉంటారు, అప్పుడే చదివేస్తానన్నారు. చదివితే క్లాసంతా ఆ పిల్ల వైపే తిరుగుతుందన్నాను. అయితే ప్రిన్సిపాలుకి చెబుతానన్నారు. ఆ పిల్ల అడిగింది ప్రిన్సిపాలుని కాదన్నాను.

"మరి నన్నేం చెప్పమంటావు? ఇవన్నీ మా ఆవిడ రాసిచ్చిందనా?" అన్నారు మెల్లగా. "పుస్తకం అచ్చుకి వెళ్తోంది."

ఇంక మాట్లాడుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాక అత్తయ్యే కదిలించింది, ఇంకా ఆ ప్లగ్గు గొడవేనా అని. ఎవరో నాకూ తెలియదంటూ, హాస్టల్లో ఒక పిల్లకి జరిగింది చెప్పాను. అత్తయ్య ముద్ద కలపడం ఆపేసింది.

"తొమ్మిది రోజులూ బిస్కెట్లేనా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నీ పొయ్యి వీడియో వచ్చిన రోజు నేనూ నవ్వానమ్మాయ్. నవ్వాక నీ మొహం చూశాను. చూసి కూడా ఊరుకున్నాను" అంది.

ఆయన తలెత్తారు. "అదా? అంత బాధపడ్డావా? నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఎనిమిది వారాల నుంచి చెబుతూనే ఉన్నాను," అన్నాను. "మీరు క్లాసులో చదువుతూనే ఉన్నారు."

కోపంగా అనలేదు. కోపం ఉంటే మూడేళ్ళ కిందటే అనేదాన్ని. ఆయన చెయ్యి కంచం అంచు మీదే ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. పెళ్ళయిన కొత్తలో, తప్పు చేస్తే ఇలాగే ఎర్రబడేవి. గిన్నె దగ్గరికి జరిపి ఆయనకి ఇంకాస్త కూర వడ్డించాను.

"రేపు పన్నెండు నుంచి లైబ్రరీ పక్కగదిలో కూర్చుంటాను. పొద్దున మీ కామర్స్ క్లాసులో అందరికీ చెప్పండి, చీటీలకు జవాబులు రాసే మనిషి అక్కడ ఉంటుంది, ఎవరైనా రావచ్చని. అందరికీ చెబితేనే ఆ పిల్ల ఒక్కతే కనబడదు. ఆ వీడియో సంగతి ఎవరితో మాట్లాడాలో, అసలు మాట్లాడాలో వద్దో, ఆ పిల్ల చెప్పాకే."

"అంటే, రాసేది నేను కాదని నా నోటితో నేనే చెప్పాలి."

"అవును."

అత్తయ్య ఏమీ ఎరగనట్టు మంచినీళ్ళు తాగుతోంది. ఆయన కూర కలుపుతూ, "ఎవరని చెప్పను? మా ఆవిడ అని చెప్పనా?" అన్నారు. ఆ అడగడంలో భయం ఉంది, కానీ అడిగారు. ఇన్నేళ్ళలో నా గురించి నలుగురికీ చెప్పేముందు నన్ను అడగడం అదే మొదటిసారి.

"ముందు, ఆ జవాబులు రాసేది ఆవిడే అని చెప్పండి," అన్నాను. "ఆ తర్వాత మీ ఆవిడ అని చెప్పినా నాకు అభ్యంతరం లేదు."